సబ్బు బిళ్ల సైన్సు

మొన్న ఆదివారం మా మనవడు వచ్చాడు. పాశమైలారంలో ఒక కంపెనీలో హెచ్ఆర్ ట్రెయినీగా చేరి నాలుగు నెలలైంది. చాయ్ గ్లాసు పట్టుకుని, "తాతా, మా స్టోర్స్‌ల గ్లౌజులు మాయమైతున్నయి. గేటు కాడ ఇంకో కెమెరా పెట్టమని రాసిన. ఇంకేం చెయ్యాలె?" అన్నాడు.

"కెమెరా యాడికి పోదు గానీ, ముందుగాల నా సబ్బుల కథ విను బిడ్డా" అన్నాను.

పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీలో నేను స్టోర్ కీపర్‌గా ఉన్న రోజులవి. సెకండ్ షిఫ్టు వాళ్లకు సాయంత్రం చాయ్‌తో నాలుగు మిర్చీలు ఇచ్చేవాళ్లు. ఒకరోజు బందు పెట్టారు. నోటీసు బోర్డు మీద ఒక్క లైను తప్ప ఎందుకని ఎవరూ చెప్పలేదు. ఆ నెల నుంచి నా స్టోర్‌లో సబ్బుల లెక్క తప్పడం మొదలైంది. గేటు దగ్గర టిఫిన్ డబ్బాలు విప్పించసాగారు. ఒక రాత్రి వాచ్‌మన్ మూత తీసి, "పప్పు గిన్నెల సబ్బు వాసనేందన్నా?" అన్నాడు. అడుగు గిన్నెలో నాలుగు బిళ్లలున్నాయి. ఆ మనిషి పదకొండేళ్లలో ఒక్కనాడు ఆలస్యంగా వచ్చినవాడు కాదు. ఇంట్లో సబ్బు లేకా కాదు. మిర్చీల బాకీ వసూలు చేసుకుంటున్నాడు, అంతే.

"ఇందుల సైన్సేముంది తాతా?"

ఉంది. అమెరికాలో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఆయన సరిగ్గా దీన్నే కొలిచి 1990లో అచ్చు వేశాడు. ఒకే కంపెనీకి మూడు ఫ్యాక్టరీలు. రెండింటిలో పది వారాల పాటు జీతం 15 శాతం కోశారు. ఒకచోట పెద్దాయనే వచ్చి గంటన్నర కూర్చుని, కాంట్రాక్టులు ఎలా పోయాయో లెక్కలు చూపించి, బాధపడుతున్నానని చెప్పి, అడిగినవాటికల్లా జవాబిచ్చాడు. రెండోచోట పావుగంటలో చెప్పి వెళ్లిపోయారు. మూడోచోట కోత లేదు. కోత పడిన రెండుచోట్లా దొంగతనాలు పెరిగాయి. కానీ పావుగంటతో సరిపెట్టిన చోట రెట్టింపు దాటాయి. జీతం తిరిగి మామూలయ్యాక దొంగతనమూ తగ్గింది. కోసిన డబ్బు రెండుచోట్లా ఒక్కటే. తేడా ఆ గంటంబావులో ఉంది.

అయితే అన్ని తప్పులకూ ఇదే మందనుకోకు. శాండ్రా రాబిన్సన్, రెబెకా బెనెట్ 1995లో వీటిని నాలుగు అరల్లో సర్దారు. ఆలస్యంగా రావడం, కావాలని పని నెమ్మది చేయడం ఒకటి. సామాను ఎత్తుకుపోవడం, మిషన్ పాడుచేయడం రెండోది. చాడీలు, పక్షపాతం మూడోది. బెదిరింపులు, ఆడవాళ్లను వేధించడం నాలుగోది. నాలుగో దానికి మిర్చీల సాకు చెల్లదు. పదిమంది పనిచేసే చోటల్లా ఫిర్యాదుల కమిటీ ఉండాలని 2013 నాటి చట్టమే చెబుతోంది.

వీటన్నిటికన్నా నాకు భయం వేసేది, తప్పని ఎవరికీ అనిపించని తప్పు. గార్డు తీసి మిషన్ నడిపారు, ఏం కాలేదు. రేపూ తీస్తారు. ఎల్లుండికి అదే రూలవుతుంది. 1986లో చాలెంజర్ వ్యోమనౌక పేలి ఏడుగురు పోయారు. రబ్బరు రింగులు దెబ్బతింటున్న సంగతి ఇంజనీర్లకు ముందే తెలుసు. అయినా ప్రతిసారీ క్షేమంగా దిగుతోంది కదా అని అలవాటు పడిపోయారని డయాన్ వాన్ అనే సామాజిక శాస్త్రవేత్త తేల్చింది. మన దగ్గరా ఉందిగా, మంజీరలో కలిసే నక్కవాగు. ఫ్యాక్టరీల మురుగు అందులోకి వదిలి వదిలి చివరికి 1990లో సంగతి సుప్రీంకోర్టు దాకా పోయింది. చీకట్లో వాగులోకి పైపు తిప్పించిన అయ్య, పొద్దున గ్లౌజుల నీతి చెబితే ఎవరికి ఎక్కుతుంది?

"మరి దొంగను వదిలెయ్యాల్నా?"

వదలొద్దు. చార్జిషీటు ఇయ్యి, వాడు చెప్పేది విను, తర్వాత విచారణ జరుపు. సస్పెండ్ చేస్తే మొదటి 90 రోజులు సగం జీతం భృతిగా ఇవ్వాలని చట్టం. తప్పు తేలక ముందే వాడి పిల్లలు పస్తులుండొద్దని. హెల్పర్‌కు ఏ శిక్షో సూపర్‌వైజర్‌కూ అదే. మా సబ్బుల ఆయనకూ మెమో ఇచ్చారు, పని పోలేదు. కొత్తగా వచ్చిన మేనేజర్ క్యాంటీన్‌లో నిలబడి ఖర్చుల లెక్క విప్పి చెప్పాడు. మిర్చీలు మళ్లీ రాలేదు గానీ, సబ్బుల లెక్క కుదిరింది.

మనవడు కాసేపు మాట్లాడలేదు. "గ్లౌజులు ఎప్పటి సంది పోతున్నయి?" అని నేనే అడిగాను.

"రెండు నెలల సంది... నైట్ షిఫ్టు బస్సు బందైనంక."

"ఎందుకు బందైందో చెప్పిన్రా?"

"సర్క్యులర్ పెట్టినం తాతా."

"ఏ భాషల?"

"ఇంగ్లిష్‌ల" అన్నాడు, గ్లాసు అడుగు చూస్తూ. వాళ్ల నైట్ షిఫ్టులో సగంమంది ఒడిశా వాళ్లు, సగంమంది మన జోగిపేట వైపు వాళ్లు.