రాబందు కడుపులో తూటా ముక్క

కాలిఫోర్నియా కాండోర్ అమెరికా రాబందు. రెక్కలు చాపితే ఈ చివర నుంచి ఆ చివరకు తొమ్మిదిన్నర అడుగులు. ఉత్తర అమెరికాలో నేల మీద బతికే పక్షుల్లో ఇంత పెద్ద రెక్కలున్నది ఇంకోటి లేదు. అలాంటిది 1982 నాటికి పాతిక పక్షులు కూడా మిగల్లేదు. 1987 ఏప్రిల్‌లో అడవిలో ఉన్న చివరి పక్షిని కూడా పట్టి తెచ్చేశారు. అప్పటికి లోకం మొత్తం మీద ఉన్న కాండోర్లు 27. శాన్‌డియాగో, లాస్ ఏంజెలెస్‌ జంతుశాలల్లో వాటి చేత గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, 1992 నుంచి మళ్లీ కొండల్లోకి వదలడం మొదలుపెట్టారు. ఈరోజు వాటి సంఖ్య ఐదు వందలు దాటింది. అందులో సగానికి పైగా స్వేచ్ఛగా ఎగురుతున్నాయి.

ఇంత కష్టపడి వదిలిన పక్షులు చచ్చిపోతూ వచ్చాయి. ఎందుకని వెతికితే, కారణం తేలిన చావుల్లో దాదాపు సగం సీసం వల్లే. 1997 నుంచి 2010 దాకా కాలిఫోర్నియాలో ఎగిరిన కాండోర్ల రక్తాన్ని పరీక్షిస్తే, 48 శాతం పక్షుల్లో ఎప్పుడో ఒకప్పుడు వైద్యం తప్పనిసరి అయ్యేంత సీసం కనిపించింది. అందుకే వాటిని ఇప్పటికీ క్రమం తప్పకుండా పట్టి, రక్తం తీసి చూసి, విషం ఎక్కువుంటే దాన్ని బయటికి లాగే మందు ఎక్కించి వదులుతున్నారు. అడవి పక్షే అయినా అది రోగిలాగే బతకాల్సి వస్తోంది.

కాండోర్‌ను ఎవరూ గురిపెట్టి కాల్చకుండానే ఇది జరుగుతోంది. వేటగాడు జింకను కాలుస్తాడు. సీసం మెత్తటి లోహం. వేగంగా వెళ్లి ఎముకకో కండకో తగలగానే తూటా చితికి వందల ముక్కలవుతుంది. కాల్చిన జింకకు ఎక్స్‌రే తీస్తే, గాయం చుట్టూ జానెడు దూరం దాకా తెల్లటి చుక్కలు చల్లినట్టు కనిపిస్తాయి. చాలా ముక్కలు కంటికి ఆనవు, పంటికి తగలవు. వేటగాడు మాంసం కోసుకుని, పేగులూ లోపలి భాగాలూ అక్కడే వదిలి వెళ్తాడు. కొన్నిసార్లు గాయపడిన జంతువు తప్పించుకుపోయి ఎక్కడో పడి చస్తుంది. రాబందులకు అది విందు. కాండోర్లు గుంపుగా తింటాయి కనుక ఒక్క కళేబరం ఒకేరోజు అనేక పక్షులకు విషమవుతుంది. కుళ్లిన మాంసాన్ని అరిగించుకోవడానికి ప్రకృతి వాటికిచ్చిన ఘాటైన జఠర రసమే సీసాన్ని కరిగించి రక్తంలోకి పంపుతుంది.

ఒంట్లోకి వెళ్లిన సీసం కాల్షియంలా వేషం వేస్తుంది. ఎముకల్లో, నరాల్లో, కాల్షియం పనిచేసే ప్రతిచోటా చోటు సంపాదిస్తుంది. రక్తం తయారవడాన్ని అడ్డుకుంటుంది. పేగుల కదలిక ఆగిపోతుంది. గొంతు కింది సంచి నిండా తిండి ఉన్నా అది కిందికి దిగదు. పక్షి ఆకలితో మాడి చస్తుంది.

బాతుల కథ ఇంకా పాతది. బాతులు గింజల్ని నూరుకోవడానికి చిన్న రాళ్లు మింగి కందనకాయలో దాచుకుంటాయి. చెరువుల మీద దశాబ్దాల తరబడి కాల్చిన సీసపు గుండ్లు అడుగు బురదలో పేరుకుపోయాయి. బాతు వాటినీ రాళ్లనుకుని మింగుతుంది. కందనకాయ వాటిని అరగదీస్తుంది. ఉత్తర అమెరికా నీటిపక్షుల్లో ఏటా రెండు మూడు శాతం ఇలా చస్తున్నాయని ఫ్రాంక్ బెల్రోజ్ అనే శాస్త్రవేత్త 1959లోనే అంచనా కట్టాడు. నీటిపక్షుల వేటలో సీసపు గుండ్లు వాడకూడదని అమెరికా దేశమంతటా నిషేధం అమలైంది 1991లో. మధ్యలో గడిచిన ముప్పై ఏళ్లకు పైగా కాలాన్ని తలుచుకుంటే నాకు కోపం వస్తుంది. ఆ నిషేధం తర్వాత బాతుల వేట ఆగిపోలేదు. వేటగాళ్లు ఉక్కు గుండ్లకు అలవాటు పడ్డారు.

గద్దల సంగతి 2022లో స్పష్టమైంది. అమెరికాలోని 38 రాష్ట్రాల్లో 1,210 గద్దల్ని పరీక్షించిన పెద్ద అధ్యయనం సైన్స్ పత్రికలో వచ్చింది. ఆ దేశపు జాతీయ చిహ్నమైన తెల్లతల గద్దలోనూ, బంగారు గద్దలోనూ దాదాపు సగం పక్షుల ఎముకల్లో ఏళ్ల తరబడి సీసం చేరుతున్న జాడలు దొరికాయి. అప్పుడే ఒంట్లోకి చేరిన విషం చలికాలంలో, అంటే వేట ముగిసి కళేబరాలే ఆధారమయ్యే రోజుల్లో, ఎక్కువగా కనిపించింది.

ఈ సీసం పెట్రోలు నుంచో, పాత రంగుల నుంచో రాలేదని ఎలా చెప్పగలం? ఒక్కో గని సీసానికి ఐసోటోపుల, అంటే బరువులో తేడా ఉన్న సీసపు పరమాణువుల, నిష్పత్తి ఒక్కోలా ఉంటుంది. అది వేలిముద్ర లాంటిది. జంతుశాలలో పెరిగిన కాండోర్ రక్తంలోని సీసానికీ, అడవిలో తిరిగిన కాండోర్ రక్తంలోని సీసానికీ ఈ ముద్రలు వేరు. అడవి పక్షుల్లో చాలావాటి ముద్ర తూటాల ముద్రతో కలిసింది. శాస్త్రం వరకు పెద్ద తగాదా మిగల్లేదు.

తగాదా ఉన్నది వేటగాళ్ల జేబు దగ్గర, నమ్మకం దగ్గర. వాళ్ల మాటలు వినదగ్గవే. సీసం నీటికన్నా పదకొండు రెట్లు బరువు, ఉక్కు ఎనిమిది రెట్లు కూడా ఉండదు. కాబట్టి ఉక్కు గుండు త్వరగా వేగం కోల్పోతుంది. దూరంగా కాలిస్తే పక్షి చావకుండా గాయంతో పోతుందని భయం. పాత తుపాకుల గొట్టాలకు ఉక్కు పడదు. రాగి తూటాలు చాలా రకాల్లో ధర ఎక్కువ. ఉడుతలూ కుందేళ్లూ కాల్చే చిన్న తుపాకులకు సీసం లేని తూటాలు దొరకడమే కష్టం. దీనికి తోడు ఒక పాత అనుమానం ఉంది: ఈరోజు తూటా అంటారు, రేపు తుపాకీ అంటారు. అక్కడి వేటగాడు తనను తాను ప్రకృతికి పోషకుడిగా చూసుకుంటాడు. అందులో నిజముంది. 1937 నాటి చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్నుతోనే రాష్ట్రాల వన్యప్రాణి శాఖలు చాలా పనులు చేస్తున్నాయి.

ఈ అనుమానం రాజకీయాల్లోకి ఎలా దిగిందో 2017 చూపించింది. ఒబామా ప్రభుత్వం దాదాపు ఆఖరి గడియలో, జనవరి 19న, వన్యప్రాణి ఆశ్రయ భూముల్లో సీసపు తూటాల్ని క్రమంగా మాన్పించే ఉత్తర్వు ఇచ్చింది. మార్చిలో కొత్త మంత్రి ర్యాన్ జింకీ పదవిలోకి వచ్చిన మొదటి రోజే దాన్ని రద్దు చేశారు.

రాష్ట్రాలు రెండు దారులు పట్టాయి. కాలిఫోర్నియాలో 2007 చట్టంతో కాండోర్ తిరిగే ప్రాంతంలో నిషేధం వచ్చింది. 2013లో ఇంకో చట్టం చేసి, 2019 జూలై 1 నుంచి రాష్ట్రమంతటా, ఏ వేటలోనైనా సీసపు తూటా వాడకూడదన్నారు. అరిజోనా చట్టం జోలికి పోలేదు. 2005 నుంచి కైబాబ్ పీఠభూమిలో జింక వేటకు అనుమతి పొందినవాళ్లకు సీసం లేని తూటాలు ఉచితంగా ఇచ్చి, పేగుల్ని వదలకుండా తీసుకురమ్మని అడిగింది. ఎక్కువ మంది వేటగాళ్లు ఒప్పుకున్నారు. రెండు చోట్లా కాండోర్లు ఇంకా సీసంతో చస్తూనే ఉన్నాయి. దీన్ని చూసి నిషేధం పనికిరాదనేవాళ్లున్నారు. నాకు అలా అనిపించదు. రెండేళ్లకు ఒక్క గుడ్డు పెట్టే పక్షి ఇది. తొలి గుడ్డుకే ఆరేడేళ్లు కావాలి. నూరు మందిలో తొంభై మంది మారినా మిగిలిన పదిమంది వదిలిన కళేబరాలు ఈ జాతికి చాలు. పైగా పక్షికి రాష్ట్ర సరిహద్దు తెలియదు.

మన దగ్గర వేటను 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం చాలావరకు ఆపింది కనుక సీసపు తూటా మన రాబందులకు పెద్ద ప్రమాదం కాలేదు. వాటిని చంపింది పశువులకు ఇచ్చిన డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు. ఇక్కడా దారి కళేబరమే. కానీ 2006లో పశువైద్యంలో ఆ మందును నిషేధించేటప్పటికి, రాబందులకు హాని చేయని మెలాక్సికామ్ చేతిలో ఉంది. నిషేధం దుకాణం దగ్గర మొదలైంది, వాడేవాడికి వేరే మందు చూపించింది. దాన్ని దాటి దొంగచాటుగా అమ్మకాలు సాగాయి, ఆ తర్వాత మరికొన్ని మందుల్నీ ఆపాల్సి వచ్చింది. అయినా రాబందుల పతనం వేగం తగ్గింది.

తూటాల విషయంలోనూ వాడేవాడి మనసు మార్చడంతో పాటు అమ్మే చోటు కూడా మారాలని నా నమ్మకం. డెన్మార్క్ 1996లోనే సీసపు గుండ్లను పూర్తిగా ఆపింది, 2024లో రైఫిల్ తూటాల్లోనూ సీసాన్ని నిషేధించింది. అక్కడ వేట ఇప్పటికీ సాగుతోంది. చిత్తడి నేలల్లో సీసపు గుండ్ల నిషేధం 2023 ఫిబ్రవరి నుంచి యూరోపియన్ యూనియన్‌లో అమలవుతోంది. కాలిఫోర్నియా ఉత్తర భాగంలో 2022 నుంచి కాండోర్లను వదులుతున్న యురోక్ ఆదివాసులు వేటగాళ్లే. వాళ్ల జీవశాస్త్రజ్ఞులు తోటి వేటగాళ్లతో కూర్చుని రాగి తూటా ఎలా పనిచేస్తుందో కాల్చి చూపిస్తున్నారు. ఆ పని జరుగుతున్న ఊళ్లలోనే చిన్న తుపాకులకు సీసం లేని తూటాలు సీసం ధరకే దొరకాలి. అందుకయ్యే ఖర్చును, ఒక్కో కాండోర్‌ను పట్టి మందు ఎక్కించడానికి ఏటా పెడుతున్న ఖర్చు పక్కన పెట్టి ప్రభుత్వాలు లెక్క చూసుకోవాలి.