పాత కారుకు కొత్త ఇంజను

మనిషి వార్ధక్యానికీ యంత్రం వార్ధక్యానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. యంత్రంలో అరిగిపోయిన భాగాన్ని తొలగించి, ఆ స్థానంలో మరొక భాగాన్ని అమర్చవచ్చును. ఈ సౌలభ్యాన్ని ఆధారం చేసుకొని, ఎన్నడో తయారైన కారులో అధిక శక్తి గల ఇంజనునూ, ఎక్కువ గేర్లు గల గేరుబాక్సునూ బిగించి నడుపుకొనేవారు అనేక దేశాలలో ఉన్నారు. ఈ పని ఎట్లా జరుగుతుంది, అందులో గమనించవలసినవి ఏవి, ఎక్కడ ఆగవలెను అనే విషయాలను మనకు చిరపరిచితమైన అంబాసిడర్ కారు ఉదాహరణతో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బ్రిటనుకు చెందిన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారు నమూనాను స్వీకరించి, హిందుస్తాన్ మోటార్స్ సంస్థ పశ్చిమ బెంగాలులోని ఉత్తరపారాలో అంబాసిడరును తయారుచేసింది. 1950వ దశకం చివర ప్రారంభమైన ఆ ఉత్పత్తి 2014లో నిలిచిపోయింది. ఇంత సుదీర్ఘ కాలంలో దాని ఆకారం పెద్దగా మారలేదు గాని, ఇంజను మాత్రం మారుతూనే వచ్చింది. మొదట సైడ్ వాల్వు ఇంజను ఉండేది. 1959లో 1489 ఘన సెంటీమీటర్ల ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను వచ్చింది. దాని సామర్థ్యం సుమారు 50 అశ్వశక్తి. ఆ తరువాత 40 అశ్వశక్తికి లోబడిన డీజిలు ఇంజను వచ్చింది. 1990వ దశకం ఆరంభంలో జపానుకు చెందిన ఇసుజు సంస్థ రూపొందించిన 1.8 లీటర్ల పెట్రోలు ఇంజనునూ, దానితోపాటు అయిదు గేర్ల గేరుబాక్సునూ అమర్చారు. దాని సామర్థ్యం సుమారు 75 అశ్వశక్తి. అదే ఆకారపు బండిలో కర్మాగారమే కూర్చిన జత కావడంచేత, పాత అంబాసిడర్ ఇంజను మార్చదలచినవారి దృష్టి మొట్టమొదట ఈ జత మీదనే పడుతుంది.

గేరు చేసే పని

ఇంజను మారినప్పుడు గేరుబాక్సు కూడ ఎందుకు మారవలెను? పెద్ద బండరాయిని కదల్చడానికి మనం గునపం వాడుతాము. పొడవైన గునపంతో కొద్ది బలం చాలును. కాని చేయి చాలా దూరం కదిలితే రాయి కొంచెమే కదులుతుంది. మొదటి గేరు పని అటువంటిదే. ఇంజను అనేకసార్లు తిరిగితే చక్రం ఒకసారి తిరుగుతుంది. వేగం తగ్గి, త్రిప్పే బలం పెరుగుతుంది. పై గేర్లలో ఇందుకు విపర్యయంగా బలం తగ్గి వేగం పెరుగుతుంది.

ఒక చిన్న లెక్క చూద్దాము. చక్రం చుట్టుకొలత రెండు మీటర్లనీ, వెనుక ఇరుసులోని పళ్ల చక్రాల నిష్పత్తి 4.5 అనీ అనుకొందాము. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే కారు నిమిషానికి సుమారు 1,333 మీటర్లు సాగుతుంది. అనగా చక్రం 667 సార్లు తిరుగుతుంది. నాలుగవ గేరులో గేరుబాక్సు నిష్పత్తి 1 అయితే, ఇంజను నిమిషానికి 3,000 సార్లు తిరగవలెను. నిష్పత్తి 0.8 గల అయిదవ గేరు ఉన్నట్లయితే 2,400 సార్లు తిరిగితే చాలును. వేగం అదే అయినా రొద తగ్గుతుంది, అరుగుదల తగ్గుతుంది, చదునైన దారిలో ఇంధనమూ కలిసివస్తుంది. దూరప్రయాణంలో అలసట తగ్గించేది అశ్వశక్తి కన్న ఈ అయిదవ గేరే అనవచ్చును.

సంధి స్థానాలు

తెలుగులో రెండు పదాలు కలిసినప్పుడు మార్పు కలిగేది అవి కలిసే చోటనే. ఇంజను మార్పిడిలోనూ కష్టమంతా సంధి స్థానాలలోనే ఉన్నది. ఇంజనును మోసే మౌంటింగులు కొత్త బరువుకూ కొలతలకూ సరిపడవలెను. గేరుబాక్సు పొడవు మారితే ప్రొపెల్లర్ షాఫ్టు పొడవు కూడ మార్చి, తూకం సరిచేయవలెను. లేనిచో బండి అదురుతుంది. పాత బండిలో స్టీరింగు పక్కనున్న కడ్డీతో గేర్లు మార్చేవారు. కొత్త గేరు కడ్డీ నేలనుండి లేస్తుంది గనుక, బండి అడుగు రేకులో దానికి దారి చేయవలసి ఉంటుంది. క్లచ్చి, రేడియేటరు, పొగగొట్టం, వేగమాపకం వీటన్నిటినీ సరిచూడవలెను.

వెనుక ఇరుసు సంగతి ఇంకా ముఖ్యం. మొదటి గేరు నిష్పత్తి 3.5, ఇరుసు నిష్పత్తి 4.5 అయితే, ఇంజను ఇచ్చే త్రిప్పుబలం ఇరుసు వద్ద దాదాపు పదహారు రెట్లవుతుంది. కనుక ఇంజను వద్ద కొద్దిగా పెరిగిన బలమే ఇరుసు మీద పెద్ద భారమై పడుతుంది. గొలుసు బలం దాని బలహీనమైన లంకెలోనే తెలుస్తుంది.

అన్నిటికన్న ముందు చూడవలసినవి బ్రేకులు. చలించే వస్తువు శక్తి దాని వేగపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. వేగం 60 నుండి 90 కిలోమీటర్లకు పెరిగితే, పెరుగుదల ఒకటిన్నర రెట్లే. కాని బ్రేకులు హరించవలసిన శక్తి రెండుంబావు రెట్లవుతుంది. పాత అంబాసిడరుకు నాలుగు చక్రాలకూ డ్రమ్ము బ్రేకులే ఉండేవి. ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు తరువాతి కాలపు బండ్లలో వచ్చాయి. ఇంజను పెంచి బ్రేకులను మరచినవాడు తన ప్రాణంతోపాటు దారిన పోయేవారి ప్రాణాలను కూడ పణంగా పెడుతున్నాడు.

చట్టం

రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేటట్లు యజమాని వాహనాన్ని మార్చరాదని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతున్నది. ఇంధనం మార్పు వంటి కొన్నింటికి షరతులతో మినహాయింపు ఉన్నది. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఈ సెక్షనును గట్టిగా సమర్థించింది. కాబట్టి రవాణా శాఖ కార్యాలయంలో ముందుగా విచారించి, అనుమతి పొందిన తరువాతనే పానా చేతపట్టవలెను. అనుమతి లేని మార్పు ప్రమాదం జరిగిన రోజున బీమా విషయంలో కూడ చిక్కు తెస్తుంది.

2021 జూలైలో కేంద్ర ప్రభుత్వం పురాతన వాహనాలకు ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ నాటినుండి యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజనులలో మార్పు లేక మూలరూపంలో ఉన్న వాహనానికే ఆ గుర్తింపు లభిస్తుంది. అటువంటి దానిని నిత్యావసరాలకు నడపరాదు. 1970లో నమోదైన అంబాసిడరుకు ఇప్పటికే ఆ వయస్సు దాటింది. దాని ఇంజను మార్చిన యజమాని శక్తిని పొంది, ఈ గౌరవాన్ని పోగొట్టుకొంటాడు.

అరబ్బీలో పుట్టి ఉర్దూ ద్వారా మనకు సంక్రమించిన ‘మరమ్మతు’ అనే మాట ఉన్నది. చెడినదానిని తిరిగి బాగుచేయడమే మరమ్మతు. ఉన్నదానిని వేరొకటిగా చేయడం మార్పు. మూలరూపంతో మిగిలిన అరుదైన బండికి మరమ్మతే తగినది. అదివరకే ఇంజను పోయి, భాగాలు దొరకక షెడ్డులో తుప్పుపడుతున్న బండి సంగతి వేరు. చట్టం అనుమతించిన మార్పు దానిని తిరిగి రోడ్డెక్కించగలదు. అప్పుడు కూడ విప్పిన ప్రతి భాగాన్నీ నూనె రాసి భద్రపరచి, చీటీ కట్టి ఉంచడం వివేకం. విడదీసి పూర్వరూపానికి తేవడానికి వీలున్న మార్పువల్ల, మన తరువాత ఆ బండిని చేపట్టేవారికి కూడ నిర్ణయించుకొనే అవకాశం మిగులుతుంది.

సాంకేతిక విద్య అభ్యసించబోయే విద్యార్థులు ఒక్క విషయం గ్రహించవలెను. యంత్రంలో ఏ భాగమూ ఒంటరిది కాదు. ఒకదానిని పెంచదలచినవాడు, దానితో కలిసి పనిచేసే తక్కిన వాటి సామర్థ్యాన్ని ముందుగా లెక్కకట్టవలెను.