పెరట్లో జిల్లేడు చుట్టం

రథసప్తమి నాడు తలమీద జిల్లేడాకులు పెట్టుకుని స్నానం చేయడం మనకు తెలిసిందే. ఆ జిల్లేడుకి అమెరికాలో ఒక చుట్టం ఉంది, పేరు మిల్క్‌వీడ్. కొమ్మ తుంచితే అవే తెల్లని పాలు. వాటి మీద వాలే సీతాకోకచిలుకలూ చుట్టాలే! మన జిల్లేడు మీద గుడ్లు పెట్టే నారింజరంగు సీతాకోకచిలుక, ఇక్కడి మోనార్క్ ఒకే ప్రజాతికి చెందినవి.

మోనార్క్ గొంగళిపురుగు మిల్క్‌వీడ్ ఆకు తప్ప మరొకటి తినదు. ఆ పాలలోని విషమే దాని ఒంట్లో చేరి పక్షుల నుంచి కాపాడుతుంది. మొక్కజొన్న, సోయా పొలాల్లో కలుపుమందుల వాడకం పెరిగి ఈ మొక్క తగ్గింది. దానితో పాటే మోనార్కులూ తగ్గాయి. 2024 డిసెంబరులో అమెరికా వన్యప్రాణి శాఖ వీటిని ముప్పులో ఉన్న జీవుల జాబితాలో చేర్చాలని ప్రతిపాదించింది. రాకీ పర్వతాలకు తూర్పున ఉండేవి చలికాలానికి మెక్సికో కొండలకు వెళతాయి, దారి చూపే పెద్దలెవరూ లేకుండా, తామెన్నడూ చూడని చోటికి.

చిన్న పెరళ్ళకు మేము చెప్పేది స్వాంప్ మిల్క్‌వీడ్. తూర్పు, మధ్య రాష్ట్రాలలో సహజంగా పెరిగే మొక్క ఇది. మూడు నుంచి ఐదడుగుల ఎత్తు, వేసవిలో గులాబీరంగు పూలు, వాటి చుట్టూ తేనెటీగలు. కామన్ మిల్క్‌వీడ్ అయితే భూమిలోపలే పాకి పక్కింటి లాన్‌లో తేలుతుంది. ఇది ఉన్నచోటే దుబ్బుగా ఉంటుంది. ఎండ కావాలి, తడి కావాలి. డౌన్‌స్పౌట్ నీళ్ళు పడే మూల భేషైన చోటు.

విత్తనాలు అక్టోబరు, నవంబరుల్లో చల్లి పలచగా మట్టి కప్పితే చాలు. చలి తగలనిదే అవి సరిగా మొలకెత్తవు. వసంతంలో వేయాలంటే తడి పేపర్ టవల్‌లో చుట్టి నెల, నెలన్నర ఫ్రిజ్‌లో ఉంచాలి (గోంగూర పక్కన పెడితే పేరు రాసి పెట్టండి!). ఏటా తక్కిన మొక్కలన్నీ చిగురించినా ఇది మే దాకా బయటికి రాకపోవచ్చు. చచ్చిపోయిందని తవ్వి పారేయకండి.

ఆకులకు చిల్లులు పడితే సంతోషించాలి. పసుపురంగు పేనుబంక పడితే, గుడ్లు లేవని చూసుకుని నీళ్ళతో కొట్టండి, మందు మాత్రం వద్దు. నర్సరీలో కొనేముందు కూడా మొక్కకు పురుగుమందు వాడారేమో అడగాలి. ఎరుపు, పసుపు పూల ట్రాపికల్ మిల్క్‌వీడ్ అందమైనదే కానీ ఇక్కడిది కాదు. ఫ్లోరిడా వంటి వెచ్చని చోట్ల చలికాలంలోనూ ఎండిపోక, మోనార్కులకు హాని చేసే పరాన్నజీవిని పోగుచేస్తుంది.

పాలు కళ్ళలో పడకూడదు. జిల్లేడు దగ్గర అమ్మమ్మలు చెప్పిన జాగ్రత్తే. జులైలో పిల్లల చేత ఆకుల అడుగున వెతికించండి. ఆవగింజంతైనా లేని తెల్లని గుడ్డు కనబడితే, దాదాపు నాలుగు రోజుల్లో గొంగళిపురుగు బయటికి వస్తుంది.