పరీక్ష అంటే భయమా?

అక్కల్లారా! పొద్దంతా మినప చేలో పని చేసినా వణకని చెయ్యి, పరీక్ష కాగితం చూస్తే వణుకుతోందా? గుండె దడదడలాడుతోందా? అది జబ్బు కాదు. తప్పితే నలుగురూ నవ్వుతారేమోనన్న భయం.

అసలు ఆ పరీక్ష ఏమిటో తెలుసుకుందాం. ఉల్లాస్ అనే అక్షరాస్యతా పథకం కింద 2023 నుంచి పెద్దవాళ్లకు పరీక్ష పెడుతున్నారు. ప్రశ్నలు మన తెలుగులోనే ఉంటాయి. చదవడానికి 50 మార్కులు, రాయడానికి 50, లెక్కలకు 50. ఒక్కోదాంట్లో 17 వస్తే చాలు. తప్పినా మళ్లీ రాయవచ్చు.

పామర్రు సెంటర్లో గుడివాడ బస్సేదో, బందరు బస్సేదో బోర్డు చూసి ఎక్కుతున్నారు కదా! అదే చదవడం. కూలి డబ్బులు లెక్క చూసుకుంటున్నారు కదా! అవే లెక్కలు.

మరి ఏం చేయాలి?

రోజూ అరగంట చదవండి. మీ పేరు, ఊరు రాయండి. కొట్లో ఇచ్చిన చిల్లర కాగితం మీద లెక్క వేయండి. పరీక్ష ముందు రాత్రి కంటినిండా నిద్రపోండి. పొద్దున్నే ఏదైనా తినే వెళ్లండి. కాగితం అందగానే నిదానంగా ఊపిరి పీల్చి వదలండి. వచ్చినవి ముందు రాయండి. రానిదాని దగ్గర ఆగిపోవద్దు.

వేలిముద్ర వేసిన చెయ్యి సంతకం నేర్చుకుంది. పరీక్షా రాస్తుంది.