ఒకే కంప్యూటర్‌లో రెండు ఆపరేటింగ్ సిస్టమ్‌లు: పాటించవలసిన క్రమం, తీసుకోవలసిన జాగ్రత్తలు

(ప్రత్యేక వ్యాసం)

మైక్రోసాఫ్ట్ సంస్థ 2015 జూలైలో విడుదల చేసిన విండోస్ 10కు ఉచిత భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ముగిశాయి. రుసుము లేదా ఇతర షరతులతో కూడిన అదనపు నవీకరణల పథకాలను పరిమిత కాలానికి ఆ సంస్థ ప్రకటించినప్పటికీ, అవి శాశ్వత పరిష్కారం కావు. 2021 అక్టోబరులో వెలువడిన విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, కనీసం 4 జీబీ మెమరీ, కొత్త తరం ప్రాసెసర్ అవసరం. ఫలితంగా, యంత్రపరంగా ఏ లోపమూ లేని పాత కంప్యూటర్లు అనేకం భద్రతా నవీకరణలకు దూరమయ్యాయి. వీటిని మూలన పడవేయకుండా, ఉచితంగా లభించే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో వినియోగంలోకి తెచ్చుకునే అవకాశం ఉంది.

అయితే తెలుగులో పనిచేసే కార్యాలయాలు, పత్రికలు విండోస్‌ను ఒక్కసారిగా విడిచిపెట్టలేని పరిస్థితి నెలకొని ఉంది. అందుకు కారణం గత రెండు మూడు దశాబ్దాలుగా పేరుకున్న పాత ఫైళ్లే. ఈ నేపథ్యంలో ఒకే కంప్యూటర్‌లో విండోస్‌నూ, లినక్స్‌నూ పక్కపక్కనే నెలకొల్పుకునే ‘డ్యూయల్ బూట్’ విధానం ఉపయుక్తంగా ఉంటుంది.

పాత తెలుగు ఫైళ్ల సమస్య

యూనికోడ్ వ్యాప్తిలోకి రాక పూర్వం తెలుగు అక్షరాలకు కంప్యూటర్‌లో సర్వసమ్మతమైన సంకేతాలు వాడుకలో లేవు. ఆంగ్ల అక్షరాలకు కేటాయించిన సంకేతాల మీదనే తలకట్లు, గుడులు, కొమ్ములు, ఒత్తులు అమర్చి ఫాంట్లను రూపొందించేవారు. ‘అను’ వంటి ఫాంట్లలో, పేజ్‌మేకర్‌లో కూర్చిన ప్రకటనలు, ప్రత్యేక సంచికలు, నివేదికలు ఈ కోవకు చెందినవే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అవి అర్థం లేని ఆంగ్ల అక్షరాల వరుసగా కనిపిస్తాయి. వీటిని కూర్చిన సాఫ్ట్‌వేర్ విండోస్‌కు ఉద్దేశించినది.

యూనికోడ్‌లో తెలుగుకు 128 స్థానాలతో ప్రత్యేక విభాగం ఉంది. లినక్స్‌లో యూనికోడ్ తెలుగును చదవడానికీ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డుతో టైపు చేయడానికీ వేరే సాఫ్ట్‌వేర్ కొనవలసిన పనిలేదు. పాత ఫైళ్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నప్పటికీ, మార్చిన పాఠాన్ని అక్షరం అక్షరం సరిచూసుకోవలసి ఉంటుంది. ఒత్తులు, అంకెలు, విరామ చిహ్నాలు తారుమారయ్యే అవకాశం ఉన్నందున ఈ పని ఒకటి రెండు రోజులలో ముగిసేది కాదు. అది పూర్తయ్యేవరకు పాత ఫైళ్లకు విండోస్, దైనందిన వ్యవహారాలకు లినక్స్ అనే విభజన ఆచరణయోగ్యం.

పనిచేసే తీరు

కంప్యూటర్‌ను ఆన్ చేసిన వెంటనే ముందుగా మేలుకొనేది మదర్‌బోర్డులోని బయోస్ లేదా దాని ఆధునిక రూపమైన యూఈఎఫ్‌ఐ. అది డిస్కులో ‘బూట్ లోడర్’ అనే చిన్న ప్రోగ్రామును వెతికి, నియంత్రణను దానికి అప్పగిస్తుంది. లినక్స్‌తో వచ్చే ‘గ్రబ్’ అనే బూట్ లోడర్ తెరపై ఒక జాబితాను చూపి, ఏ సిస్టమ్ కావాలో ఎంచుకోమంటుంది. ఒక ఇంటిని రెండు వాటాలుగా చేసినట్లు డిస్కును విభజించడం వలన దేని ఫైళ్లు దానికి విడిగా ఉంటాయి. ఒక సమయంలో ఒక సిస్టమ్ మాత్రమే నడుస్తుంది. కాబట్టి మెమరీ, ప్రాసెసర్ పూర్తిగా దానికే లభిస్తాయి. రెండవ దానిలోకి వెళ్లాలంటే కంప్యూటర్‌ను పునఃప్రారంభించవలసిందే.

లినక్స్‌లో అనేక రకాలు ఉన్నాయి. 2024 ఏప్రిల్‌లో విడుదలైన ఉబుంటు 24.04కు 5 సంవత్సరాల ప్రామాణిక మద్దతు ఉంది. విండోస్‌కు అలవాటుపడినవారికి లినక్స్ మింట్ సులభంగా ఉంటుంది. సీ-డాక్ సంస్థ ‘బాస్’ పేరిట భారతీయ భాషలకు అనువైన లినక్స్‌ను రూపొందించింది. కేంద్ర ప్రభుత్వం 2015లో ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ వినియోగంపై విధానాన్ని ప్రకటించింది. కేరళ ప్రభుత్వ పాఠశాలల్లో లినక్స్ ఆధారిత వ్యవస్థ చిరకాలంగా వినియోగంలో ఉంది.

ముందుగా చేయవలసినవి

1. కంప్యూటర్‌లోని ముఖ్యమైన ఫైళ్లన్నింటినీ వేరొక హార్డ్ డిస్కులోకి నకలు చేసి, ఆ నకలును మరొక కంప్యూటర్‌లో తెరిచి చూడాలి. పాత తెలుగు ఫైళ్లతో పాటు వాటి ఫాంట్లను కూడా భద్రపరచాలి. అదే డిస్కులోని మరో భాగంలో దాచిన ప్రతి రక్షణ కాజాలదు.

2. బిట్‌లాకర్ లేదా డివైస్ ఎన్‌క్రిప్షన్ అమలులో ఉన్నదేమో పరిశీలించాలి. ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసి ఉంచుకోవాలి. ఆ కీ లేని పక్షంలో బూట్ అమరిక మారిన తరువాత సొంత ఫైళ్లే తెరుచుకోని ప్రమాదం ఉంది. లినక్స్ స్థాపనకు ముందు ఎన్‌క్రిప్షన్‌ను తొలగించడం సులభ మార్గం.

3. విండోస్‌లోని ‘ఫాస్ట్ స్టార్టప్’ సౌకర్యాన్ని నిలిపివేయాలి. అది ఉన్నంతవరకు షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ముగియదు. ఆ స్థితిలో విండోస్ భాగంలోకి లినక్స్ ద్వారా ఏమైనా రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు.

4. ‘సిస్టమ్ ఇన్ఫర్మేషన్’లో బయోస్ మోడ్‌ను చూడాలి. విండోస్ యూఈఎఫ్‌ఐ పద్ధతిలో ఉంటే లినక్స్‌ను కూడా అదే పద్ధతిలో స్థాపించాలి. పాత ఎంబీఆర్ పద్ధతి డిస్కులలో నాలుగు ప్రాథమిక విభాగాలకు మించి చేయడం సాధ్యపడదు.

స్థాపన క్రమం

రెండూ కొత్తగా వేసే పక్షంలో ముందుగా విండోస్‌ను, తరువాత లినక్స్‌ను వేయాలి. క్రమం తారుమారైతే విండోస్ తన బూట్ లోడర్‌నే ముందుకు తెచ్చుకోవడం వలన లినక్స్ జాబితాలో కనిపించదు.

విండోస్‌లోని ‘డిస్క్ మేనేజ్‌మెంట్’లో ‘ష్రింక్ వాల్యూమ్’ ద్వారా ఖాళీ స్థలాన్ని వేరుచేయాలి. ఉబుంటుకు కనీసం 25 జీబీ అవసరం. నిత్య వినియోగానికి 50 జీబీ లేదా అంతకు మించి కేటాయించడం మేలు. అధికారిక వెబ్‌సైట్ నుంచి పొందిన ఐఎస్‌ఓ ఫైలును రూఫస్ వంటి సాధనంతో 8 జీబీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. దీనివలన పెన్‌డ్రైవ్‌లోని పాత ఫైళ్లు చెరిగిపోతాయి. అనంతరం కంప్యూటర్‌ను పునఃప్రారంభించి, తయారీదారును బట్టి ఎఫ్2, ఎఫ్12 వంటి మీట నొక్కి పెన్‌డ్రైవ్‌ను ఎంచుకోవాలి.

స్థాపించకుండానే లినక్స్‌ను పరీక్షించే వీలు ఉంది. ప్రింటర్, స్కానర్, ఇంటర్నెట్, తెలుగు టైపింగ్ సక్రమంగా ఉన్నాయని నిర్ధారించుకున్న తరువాతే ముందుకు సాగాలి. స్థాపన సమయంలో విండోస్ పక్కన నెలకొల్పే ఎంపికను తీసుకోవాలి. ‘ఎరేజ్ డిస్క్’ అనే ఎంపిక డిస్కులోని సర్వస్వాన్నీ తుడిచివేస్తుంది. చివరి అంగీకారం తెలిపే ముందు ఏ విభాగంలో మార్పు జరుగనున్నదో తెరపై మరొకసారి చదువుకోవాలి.

తదనంతరం ఎదురయ్యే అంశాలు

కంప్యూటర్‌లోని గడియారాన్ని విండోస్ స్థానిక కాలమానంగానూ, లినక్స్ ప్రపంచ ప్రామాణిక కాలమానంగానూ పరిగణిస్తాయి. అందువలన లినక్స్ నుంచి విండోస్‌లోకి మారినప్పుడు సమయం ఐదున్నర గంటలు వెనుకబడి, సాయంత్రం 4 గంటలకు ఉదయం 10.30గా కనిపించవచ్చు. ఫైళ్ల తేదీలు, సమయాలు కీలకమైన కార్యాలయాలలో ఇది చిక్కులు తెచ్చిపెడుతుంది. రెండూ ఒకే పద్ధతిని అనుసరించేలా ఒకసారి అమర్చుకుంటే సరిపోతుంది.

విండోస్ నవీకరణల అనంతరం గ్రబ్ జాబితా కనిపించని సందర్భాలు ఉన్నాయి. 2024 ఆగస్టు నాటి ఒక భద్రతా నవీకరణ తరువాత అనేక డ్యూయల్ బూట్ కంప్యూటర్లలో లినక్స్ తెరుచుకోలేదు. కాబట్టి స్థాపనకు వాడిన పెన్‌డ్రైవ్‌ను మరమ్మతు అవసరాల కోసం భద్రపరచుకోవాలి. లినక్స్‌ను తొలగించదలచినవారు ముందుగా విండోస్ బూట్ లోడర్‌ను ప్రథమ స్థానానికి తేవాలి. అలా చేయక లినక్స్ విభాగాన్ని చెరిపివేస్తే రెండు సిస్టమ్‌లూ తెరుచుకోని పరిస్థితి తలెత్తవచ్చు.

భద్రత విషయంలో గుర్తించవలసినది

పక్కన లినక్స్ ఉన్నంత మాత్రాన నవీకరణలు ఆగిన విండోస్ సురక్షితం కాజాలదు. ఇంటర్నెట్, ఈ-మెయిల్ వంటి పనులన్నీ లినక్స్‌లో చేసుకుని, పాత ఫైళ్ల కోసం మాత్రమే విండోస్‌ను తెరవాలి. ఆ సమయంలో నెట్‌వర్క్ తీగను తొలగించి, వైఫైని నిలిపివేయాలి. బయటి పెన్‌డ్రైవ్‌లను నేరుగా అందులో పెట్టరాదు.

ప్రభుత్వ కార్యాలయాలలో ఈ మార్పును సంబంధిత సాంకేతిక అధికారుల అనుమతితోనే చేపట్టాలి. డిజిటల్ సంతకం టోకెన్లు, చెల్లింపులకు సంబంధించిన సాఫ్ట్‌వేర్ లినక్స్‌లో పనిచేస్తాయో లేదో ముందుగా పరీక్షించాలి. నిరంతరం రెండు సిస్టమ్‌ల మధ్య మారవలసిన సిబ్బందికి ఈ విధానం అనువు కాదు. వారికి ఒక పాత కంప్యూటర్‌ను నెట్‌వర్క్‌కు దూరంగా, కేవలం పాత ఫైళ్లకు కేటాయించడం మేలు.

డ్యూయల్ బూట్ ఏర్పాటు చేసుకున్న కార్యాలయాలు పాత తెలుగు ఫైళ్లను విడతలవారీగా యూనికోడ్‌లోకి మార్చుకునేందుకు ఒక గడువును నిర్ణయించుకోవడం అవసరం. పాత సాఫ్ట్‌వేర్ నడిచే యంత్రం పనిచేస్తున్నంతవరకే ఆ ఫైళ్లు చదవగలిగే స్థితిలో ఉంటాయి. ఆ తరువాత కాగితంపై ముద్రించిన ప్రతి మాత్రమే ఆధారంగా మిగులుతుంది.