ఆవకాయ బేసిన్‌లో ఆఖరి ముద్ద

"అమ్మా, ఈసారి నేనొచ్చినప్పుడు వంట నాది. నీకేం ఇష్టమో చెప్పు, అదే చేసి పెడతాను" అంది మా అమ్మాయి హైదరాబాదు నుంచి ఫోన్లో.

"మీ నాన్నగారికి గుత్తివంకాయ అంటే..." అని మొదలుపెట్టాను.

"నాన్నగారి సంగతి కాదమ్మా, నీ సంగతి."

"తమ్ముడికైతే బంగాళాదుంప వేపుడు..."

"అమ్మా!"

నవ్వకండి. నాకు నిజంగానే జవాబు తోచలేదు. ఇంట్లో ఎవరికి పచ్చడిలో ఎన్ని మిరపకాయలు పడాలో, ఎవరికి పెరుగు కాస్త పులిస్తే ముద్ద దిగదో నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నాకేది ఇష్టం అనేసరికి చదవని పాఠంలోంచి ప్రశ్న వచ్చిన పిల్లలా బిక్కమొహం వేశాను. "ఏదో ఒకటి చెయ్యమ్మా, ఏదైనా తింటాను" అని ఫోను పెట్టేశాను. ఇది 2019 ఫిబ్రవరి నాటి మాట. అప్పటికి మా పెళ్ళయి ఇరవై నాలుగేళ్ళు.

మాది రాజమండ్రి. 1995లో నేను కాపురానికొచ్చేనాటికి మా అత్తగారింట్లో ఓ పద్ధతి ఉండేది. ముందు మగవాళ్ళు, తర్వాత పిల్లలు, ఆ తర్వాత మేమిద్దరం. మేమిద్దరమంటే అత్తగారూ నేనూ. వంటింట్లో చెరో పీటా వేసుకుని, గిన్నెలన్నీ చుట్టూ పెట్టుకుని కూర్చునేవాళ్ళం. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆ భోజనాలు నాకేమంత చేదుగా ఉండేవి కావు. వీధిలో వాళ్ళ కబుర్లన్నీ అప్పుడే దొర్లేవి. నేను కడుపుతో ఉన్నప్పుడు ఆవిడ పాలమీద మీగడ గిన్నెలో తీసి, పప్పుల డబ్బా వెనకాల దాచి, అందరూ లేచాక నా కంచంలో వేసేవారు. "ఎవరికీ చెప్పకు" అని ఓ మాట కూడా. ఎవరికి చెబుతాను?

ఆవిడ 2012లో పోయారు. పద్ధతి మాత్రం మిగిలింది. ఇంక నాకు తోడు లేదు, పీట కూడా వేసుకోవడం మానేశాను. అందరూ తిని లేచాక గట్టు దగ్గర నిలబడి, గిన్నెలు సర్దుతూ సర్దుతూ తినేయడం. నా కంచంలో ఏముండేదో చెప్పనా? గిన్నె అడుగున మాడిన అన్నం, విరిగిపోయిన అప్పడం ముక్కలు, ముక్కలన్నీ ఖాళీ అయిన పులుసు, నిన్నటి కూర. పారేస్తే కళ్ళు పోతాయని పెద్దవాళ్ళు చెప్పారు కదా, ఆ కళ్ళేవో నావే అన్నట్టు అన్నీ నేనే తినేదాన్ని. ఎవరూ నన్ను అలా తినమని అనలేదు. తినొద్దనీ అనలేదు.

మా వారు చెడ్డవారు కాదు. బ్యాంకులో ఉద్యోగం, ఇంటికొస్తే పేపరు. పేపరు చూస్తూ భోంచేయడం ఆయన అలవాటు. ఉప్పు తక్కువైతే మాత్రం తల పైకెత్తేవారు. అంతా సరిగ్గా ఉన్నరోజు తల ఎత్తాల్సిన పనే ఉండదు కదా, అందుకని వంట బాగా కుదిరినరోజు మా ఇంట్లో ఒక్క మాట వినపడేది కాదు. బాగుందనడానికి అదే గుర్తని నాకు నేనే సర్దిచెప్పుకునేదాన్ని.

ఆ ఇరవై నాలుగేళ్ళలో మేమిద్దరం ఒక్కసారి మాత్రం కలిసి తిన్నాం. 1996 నవంబరు 6, తుపాను రాత్రి. మా అత్తగారూ మామగారూ ఊళ్ళో లేరు. సాయంత్రం నుంచే గాలి మొదలైంది, కరెంటు పోయింది, వంటింటి పెంకులు రెండు లేచిపోయి నీళ్ళు ధారకట్టాయి. లాంతరు వెలిగించుకుని ముందుగదిలో చాప మీద కూర్చున్నాం. వేడి అన్నం, ముద్దపప్పు, ఆవకాయ. చీకట్లో రెండు కంచాలెందుకని ఒకే కంచం. తలుపులు దడదడ కొట్టుకుంటుంటే, ఈయన ముద్ద కలిపి నా చేతిలో పెట్టి "భయపడకు, తిను" అన్నారు. తెల్లారాక తెలిసింది కోనసీమ ఎలా నాశనమైపోయిందో. ఎన్ని ప్రాణాలు పోయాయో, ఎన్ని కొబ్బరితోటలు కూలిపోయాయో వింటుంటే, ఆ అన్నం అంత రుచిగా తిన్నందుకు సిగ్గేసింది. అందుకే ఆ రాత్రి సంగతి నేనెవరికీ చెప్పుకోలేదు, మరిచిపోనూ లేదు.

సరే, 2019కి వస్తాను. మార్చిలో ఓ మధ్యాహ్నం బట్టలారేస్తూ కళ్ళు తిరిగి మేడమీద కూలబడిపోయాను. పక్కింటివాళ్ళు చూడబట్టి సరిపోయింది. డాక్టరమ్మ రక్తపరీక్ష చేయించారు. హిమోగ్లోబిన్ 8.2. ఆడవాళ్ళకి 12 అయినా ఉండాలట.

"రోజూ ఏం తింటారు?" అని ఆవిడ నన్నడిగారు.

"మా ఇంట్లో అన్నీ తింటామండీ. ఆకుకూరలు, పప్పు, పళ్ళు... దేనికీ లోటుండదు" అని మా వారు జవాబు చెప్పారు.

"నేను ఆవిణ్ణి అడుగుతున్నాను" అన్నారావిడ. గట్టిగా ఏమీ అనలేదు, మామూలుగానే అన్నారు.

నిన్న మధ్యాహ్నం ఏం తిన్నానో చెప్పాను. మొన్న రాత్రి ఏం తిన్నానో చెప్పాను. చెబుతూనే ఆయన మొహం చూశాను. నేను చెప్పేది వేరే ఎవరింట్లోనో జరుగుతున్నట్టు వింటున్నారు.

అన్నట్టు, ఇది నా ఒక్కదాని గొడవ కాదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళలోపు ఆడవాళ్ళలో 57 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. కారణం అందరికీ ఒకటే కాదు. నెలనెలా ఎక్కువగా పోయే రక్తం కొందరికి, తిండి కొందరికి, నాలాంటివాళ్ళకి రెండూ. డాక్టరమ్మ ఇనుము మాత్రలు రాసిచ్చారు. భోజనం అవగానే కాఫీ, టీ తాగితే తిన్నదాంట్లోని ఇనుము ఒంటికి సరిగా పట్టదనీ, నిమ్మకాయో ఉసిరికాయో తోడుంటే బాగా పడుతుందనీ కూడా చెప్పారు. మధ్యాహ్నం అందరూ తిని లేచాక ప్రశాంతంగా తాగే కాఫీ ఒక్కటే నా సుఖం అనుకుంటే, దానికి కూడా ఎసరు వచ్చింది!

దారిలో ఆటోలో మా వారు ఒక్క మాటా మాట్లాడలేదు. ఆ రాత్రి అన్నం వడ్డించి పిలిస్తే, వచ్చి కూర్చుని పేపరు పక్కన పెట్టేశారు.

"నీ కంచమేదీ?"

"మీరు కానివ్వండి, నేను తర్వాత..."

"నువ్వు కూర్చుంటే గానీ నేను ముట్టను."

సినిమాల్లో అయితే ఇక్కడ వీణ మోగుతుంది. మా ఇంట్లో అదేం మోగలేదు. నాకు ఒళ్ళు మండింది. వేడి వేడి అప్పడాలు ఎవరు వేయిస్తారు? మారు వడ్డన ఎవరు చేస్తారు? కూర్చున్నాను గానీ ముల్లుమీద కూర్చున్నట్టే. నాలుగుసార్లు లేచాను. నెయ్యి మరిచిపోయి ఒకసారి, మంచినీళ్ళకి ఒకసారి, పొయ్యిమీద పాలు గుర్తొచ్చి ఒకసారి, నాలుగోసారి ఊరికే, అలవాటు కొద్దీ. అయిదోసారి లేవబోతుంటే ఆయనే లేచి పెరుగు గిన్నె తెచ్చారు. తెస్తూ తెస్తూ సగం నేలమీద ఒలికించారు. అది తుడిచేసరికి అన్నం చల్లారిపోయింది. మొదటి వారమంతా ఇదే భాగోతం.

నెమ్మదిగా ఓ దారి దొరికింది. అన్నీ ముందే తెచ్చి మధ్యలో పెట్టేసుకోవడం, ఎవరిది వాళ్ళు వడ్డించుకోవడం. అప్పడాలు కాస్త మెత్తబడితే పడతాయి, కొంపలేం మునగవు. మాడిన అన్నం ఎవరు తినాలన్న పేచీ కూడా వచ్చింది. "ఇద్దరం చెరిసగం" అన్నారాయన. రెండురోజులు మాడు తిన్నాక మూడోరోజు కుక్కరు కింద మంట తగ్గించడం ఆయనే నేర్చుకున్నారు. ఇరవై నాలుగేళ్ళ మాడు రెండురోజుల్లో మాయం!

ఏప్రిల్లో ఓరోజు పొయ్యి దగ్గర నిలబడి ఉండగా, మా అమ్మాయి ప్రశ్నకి జవాబు దానంతటదే వచ్చింది. చింతచిగురు పప్పు. మా పుట్టింటి పెరట్లో చింతచెట్టు ఉండేది. లేత చిగురు దూసుకొచ్చి, అరచేతుల్లో నలిపి, ఈనెలు ఏరి, కందిపప్పులో వేసి మా అమ్మ వండేది. వెల్లుల్లి, ఎండుమిరపకాయల పోపు. అత్తవారింట్లో ఎవరికీ అది పడదు, పళ్ళు పులుస్తాయంటారు. ఇరవై నాలుగేళ్ళు నేను దాన్ని వండనూ లేదు, కావాలని అననూ లేదు. అడిగితే కాదనేవారు కాదేమో. అడగలేదు.

ఆ సాయంత్రం నోరు తెరిచి చెప్పాను. మర్నాడు పొద్దున్నే రైతుబజారు నుంచి సంచి నిండా చింతచిగురు తెచ్చారు. ఆయన లెక్కప్రకారం అరకిలో. పప్పులోకి కావలసింది రెండు గుప్పిళ్ళు! మిగతాది ఎండబెట్టి, పొడి కొట్టి, వీధిలో సగంమందికి పంచాను. పప్పు మాత్రం ఆరోజు ఇద్దరం తిన్నాం. ఆయనకి పళ్ళు పులిశాయి. మొహం అష్టవంకర్లు పెట్టుకుంటూనే రెండోసారి వేయించుకున్నారు.

తర్వాత్తర్వాత చిన్నచిన్నవి ఇంకా చాలా కలిశాయి. సాయంత్రం గోదావరి గట్టుకి నడిచివెళ్ళి, వచ్చేటప్పుడు మిరపకాయ బజ్జీలు. ఎండాకాలం రోజ్‌మిల్కు. రాజమండ్రిలో పుట్టినవాళ్ళకి దాని సంగతి చెప్పక్కర్లేదు, పెళ్ళయిన కొత్తలో ఓసారి తాగించి మళ్ళీ పాతికేళ్ళకి తాగించారు మహానుభావుడు. చలికాలం తేగలు. తేగ చీలిస్తే లోపల సన్నగా చందమామ ఉంటుంది చూడండి, చిన్నప్పుడు దానికోసం మా అన్నయ్యతో జుట్లు పట్టుకునేదాన్ని. ఇప్పుడు ఈయనతో ఆ పేచీ. ఈమధ్య ఆయనకి సుగరు కాస్త కనపడింది గనుక మామిడిపండ్ల మీద ఆంక్షలొచ్చాయి. రసం ఒక్కటే తెచ్చి ఇద్దరం పంచుకుంటాం. టెంక ఎవరిదన్న విషయంలో ఇప్పటికీ రాజీ కుదరలేదు.

అన్నీ సజావుగా సాగిపోయాయని చెబితే అబద్ధమవుతుంది. 2020 లాక్‌డౌన్లో పిల్లలిద్దరూ ఇంటికొచ్చారు. ఒకరికి ఆఫీసు మీటింగులు, ఒకరికి క్లాసులు. ఎవరి టైము వాళ్ళది. నాలుగు రోజులు తిరక్కుండానే నేను మళ్ళీ గట్టు దగ్గర, చేతిలో కంచంతో. అలవాటు గడపదాటి ఎక్కడికీ పోదు, తలుపు చాటున నిలబడి ఉంటుంది. మా అమ్మాయి చూసి, ల్యాప్‌టాప్ మూసేసి, "ఒంటిగంటకి అందరూ ఇక్కడుండాలి" అని ఫ్రిజ్ మీద కాగితం అంటించింది. అందులో కూడా "అమ్మతో సహా" అని కింద గీత గీసింది.

ఇంతకీ అసలు చెప్పాలనుకున్నది ఆవకాయ సంగతి. అది 2019 మే నెల. కొత్తపల్లి కొబ్బరి కాయలు తెచ్చి, టెంకతో సహా ముక్కలు కొట్టించి, జీడి తీసి, పొర గీకి, తుడిచి ఆరబెట్టి, ఆవపిండి, కారం, ఉప్పు, నువ్వుపప్పునూనె కలిపి జాడీకెత్తాను. మూడోరోజు బేసిన్‌లోకి తీసి తిరగ కలిపాను. మళ్ళీ జాడీలోకి ఎత్తేశాక ఆ బేసిన్‌లో వేడి వేడి అన్నం వేసి కలపడం తెలుగింట్లో పండగే కదా. అంచులకంటిన ఎర్రటి గుజ్జు, నూనె అన్నీ అన్నానికి పట్టేదాకా కలిపి, నెయ్యి వేసి, చుట్టూ కూర్చున్న వాళ్ళ చేతుల్లో తలో ముద్దా పెట్టడం. ఏటా నేనే పెట్టేదాన్ని. ఆయనకో ముద్ద, అమ్మాయికో ముద్ద, అబ్బాయికో ముద్ద, మళ్ళీ ఇంకో చుట్టు. అయిపోయాక బేసిన్ పట్టుకుని పంపు దగ్గరకి వెళ్ళిపోయేదాన్ని. అంతే. అందులో నాకు ముద్ద లేదన్న ఆలోచన కూడా ఎప్పుడూ రాలేదు.

ఆ ఏడు కూడా పిల్లలు సెలవలకి వచ్చారు. రెండు చుట్లయ్యాక బేసిన్ పట్టుకుని లేవబోయాను. మా వారు అంచు పట్టుకుని ఆపారు. "ఉండు" అని, కుక్కర్లో మిగిలిన అన్నం తెచ్చి అందులో వేశారు. ఆయనకి కలపడం ఎక్కడొచ్చు? వేడి తగిలి "అబ్బా" అంటూ, చేయి విదిలిస్తూ, నెయ్యి గిన్నె ఏకంగా వంచేసి, ఏదో ఒకటి చేశారు. బత్తాయికాయంత ముద్ద. చెయ్యి చాపమన్నారు. పిల్లలు చూస్తున్నారు, నాకు సిగ్గుగా ఉంది. చాపాను.

నోట్లో పెట్టుకున్నాను. ఘాటు ముక్కుకెక్కింది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది ఆవపిండి ఘాటే అని పిల్లలకి చెప్పాను.

"ఎలా ఉంది?" అన్నారాయన.

"ఉప్పు పిసరంత ఎక్కువైంది" అన్నాను.

"అమ్మయ్య! ఇన్నాళ్ళూ ఆ మాట నేనే అంటున్నాననుకున్నాను" అని నవ్వి, బేసిన్ తీసుకుని పంపు దగ్గరకి ఆయనే వెళ్ళారు. చాలాసేపు తోమారు. అంచుల్లో నూనె జిడ్డు అలాగే ఉంది. ఆయన చూడకుండా తర్వాత మళ్ళీ నేనే కడుక్కున్నాను.