మూడు తరాలు, ఒక దీవి

సెలవు ప్రయాణమంటే ఇంటిపని మరొక ఊరికి మారడమేనని ఇల్లాండ్ర నోట తరచు వినబడే చమత్కారం. పసిపిల్లలిద్దరు, అత్తమామలిద్దరు, నడుమ భార్యాభర్తలు కలిసి సముద్రం దాటి ఒక దీవికి వెళ్ళదలచినప్పుడు బంధువులు చెప్పే మొదటి సలహా కూడ ఒకటే: "పెద్దవాళ్ళున్నారు కదా! పిల్లల్ని వారికి అప్పగించి మీరిద్దరూ హాయిగా తిరగవచ్చు." ఈ సలహాను పాటించిన కుటుంబాలు అండమాన్ తీరంలో ఏ సాయంత్రమైనా కనబడుతాయి. యువదంపతులు నీటిలో ఉంటారు. గట్టుమీద చెట్టునీడన వృద్ధదంపతులు చెప్పుల జతలకూ, సంచులకూ, నిద్రపోయిన పసివాడికీ కాపలా కూర్చుని ఉంటారు. సముద్రం వారికి దూరాన మెరిసే నీలిగీత మాత్రమే.

మా ప్రయాణం నిశ్చయమైన రోజున మా అత్తగారు అడిగిన ప్రశ్న ఇందుకు సంబంధించినదే. "అక్కడ మాకు ఏ పని అప్పగిస్తారో ఇప్పుడే చెప్పండమ్మా, దానికి తగిన చీరలు సర్దుకుంటాను" అన్నారామె నవ్వుతూ. ఆ నవ్వులో నిష్ఠూరం లేకపోలేదు. ఆమెకు అరవై ఆరేళ్ళు, మోకాళ్ళ నొప్పి. మామగారికి డెబ్బై ఒకటి, రక్తపోటు. పిల్లలలో పెద్దదానికి ఆరేళ్ళు, చిన్నవాడికి మూడు. విశాఖపట్నంలో పుట్టి పెరిగినా అత్తగారు ఏనాడూ మోకాలి లోతును మించి సముద్రంలో దిగలేదట. ఎవరో ఒక బిడ్డ ఎప్పుడూ ఆమె చంకన ఉండేవాడు.

ఆ రాత్రే మావారు ఒక ఒప్పందం రాశారు. దీవిలో ఉన్నన్నాళ్ళు నలుగురు పెద్దవాళ్ళలో ప్రతి ఒక్కరికీ రోజుకు రెండు గంటలు పిల్లలనుంచి విముక్తి. వంతులు ముందే నిర్ణయం. నానమ్మకూ తాతయ్యకూ ఆ హక్కు మాతో సమానం. కాగితం మీద ఇది బడి కాలపట్టికలా కనిపించి నవ్వు తెప్పించింది గాని, తరువాత మా ప్రయాణాన్ని నిలబెట్టినది అదే.

బంగాళాఖాతంలో విశాఖకు సుమారు పన్నెండువందల కిలోమీటర్ల దూరాన ఉన్న ఈ ద్వీపాలకు జనవరి నుంచి ఏప్రిల్ వరకు అనుకూలమైన కాలం. మే నెలలో మొదలైన వాన నవంబరు దాటేదాకా విడిచి విడిచి కురుస్తూనే ఉంటుంది. మేము జనవరిలో వెళ్ళాము. పేర్ల విషయంలో ఒక మాట: పోర్ట్ బ్లెయిర్ పేరు 2024లో శ్రీ విజయపురంగా మారింది. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీపంగా, నీల్ షహీద్ ద్వీపంగా మారినది 2018లో. అడిగేవారికి రెండు పేర్లూ తెలిసి ఉండడం మేలు, ఎందుకంటే బదులు చెప్పేవారు ఏ పేరు వాడుతారో చెప్పలేము.

అక్కడ మనకు తొలుత ఎదురయ్యే వింత వెలుతురు. మన గడియారం 82½ డిగ్రీల రేఖాంశాన్ని అనుసరిస్తుంది. ఈ దీవులు దానికి పది డిగ్రీల తూర్పున ఉన్నాయి. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ నలభై నిమిషాలు ముందు నడుస్తాడు. జనవరిలో సాయంత్రం ఐదుంబావుకే పొద్దు గుంకుతుంది. ఎనిమిది గంటలకు ఊరు నిద్రకు జోగుతుంది. పడుచువారికి ఇది విసుగు. మూడేళ్ళవాడికీ, డెబ్బై ఏళ్ళవారికీ ఇంతకంటె అనువైన దినచర్య మరొకటి లేదు. తెల్లవారుజామున తాతా మనవడూ ఇద్దరే లేచి కూర్చునేవారు. మేము లేచేసరికి వాళ్ళు తీరం చూసి వచ్చేవారు కూడ.

రెండవ యజమాని ఆటుపోట్లు. రోజుకు రెండు పోట్లు, రెండు ఆట్లు. వాటి వేళ ప్రతిరోజూ దాదాపు యాభై నిమిషాలు వెనక్కు జరుగుతుంది. నేడు ఉదయం ఎనిమిదికి నీరు తీసిపోయినచోట రేపు తొమ్మిదికి సమీపంలో తీసిపోతుంది. ఈ లెక్క తెలిస్తే దీవిలో సగం ఇబ్బందులు తీరుతాయి. షహీద్ ద్వీపంలో లక్ష్మణ్‌పూర్ వద్ద సహజంగా ఏర్పడిన రాతివంతెన ఆటువేళనే చేరదగినది. నీరు తీసినప్పుడు రాళ్ళ గుంటలలో చిన్న చేపలు, పీతలు, నల్లని సముద్రదోసకాయలు పిల్లలకు అరచేతి దూరంలో కనబడుతాయి. కాని రాళ్ళు పాచిపట్టి జారుతాయి. నీటిలో సముద్రపు ముళ్ళజీవులుంటాయి. కాలికి చెప్పు లేకుండ ఎవరూ అడుగు వేయరాదు. అత్తగారు అక్కడ ఒడ్డునే ఆగి, మనవరాలు పరుగున తెచ్చే వార్తలు విన్నారు. తాతయ్యది మరొక పని. మొదటిరోజే ఆయన పిల్లకు ఒక పాఠం చెప్పారు: ఆటులో నీరు గంటల తరబడి మెల్లగా తగ్గుతుంది, భూమి గట్టిగా కంపించినా, నీరు నిమిషాలలో ఎన్నడూ లేనంత దూరం వెనుదిరిగినా గవ్వలకు ఆశపడక మిట్టకు పరుగెత్తాలి. 2004 డిసెంబరు 26న సునామీ ఈ ద్వీపాలను ముంచెత్తింది. ఆరేళ్ళ పిల్లకు ఆ పాఠం భయం కలిగించలేదు. ఆ సాయంత్రమే అది తమ్ముడికి మిట్ట ఎక్కడుందో వేలుపెట్టి చూపించింది.

శ్రీ విజయపురం నుంచి స్వరాజ్ ద్వీపానికి పడవమీద రమారమి రెండు గంటలు. కడుపులో తిప్పే స్వభావం గలవారు పడవ నడిమి భాగాన కింది అంతస్తులో కూర్చుని దూరాన దిగంతాన్ని చూస్తుండడం మంచిది. అల్లంమురబ్బా మాకు పనిచేసింది. మామగారికి అవసరం కలగలేదు, మాకందరికీ కలిగింది.

ఆ దీవి పడమటి తీరాన ఉన్నదే రాధానగర్. 2004లో టైమ్ పత్రిక ఆసియాలో మేటి సముద్రతీరంగా పేర్కొన్నది దీనినే. పిండివంటి తెల్లని ఇసుక, వెనుక ఆకాశమంత ఎత్తు చెట్లు, ఎదుట నీలినీరు. అత్తగారి వంతు మధ్యాహ్నం మూడున్నరకు వచ్చింది. ఆమె ఒడ్డున నిలబడి, "చీర తడిస్తే ఆరదు" అన్నారు. తరువాత, "వాడు ఏడుస్తాడేమో" అన్నారు. వాడు ఏడ్చాడు కూడ. నేను ఎత్తుకుని చెట్లలోకి నడిచిపోయాను. వెనుదిరిగి చూచేసరికి మామగారు ఆమె చేయి పట్టుకుని ఉన్నారు. ఇద్దరూ నడుములోతు నీటిలో, అలవచ్చినప్పుడల్లా కాళ్ళు పైకెత్తుతూ. నీరు బరువు మోసేటప్పటికి ఆమె మోకాళ్ళు ఆ గంటసేపు నొప్పి మరచాయట. నలభై ఐదేళ్ళ కాపురంలో వారు అలా చేతులు పట్టుకుని బహిరంగంగా నిలబడడం మావారు కూడ ఎన్నడూ చూడలేదు. పొద్దు గుంకేదాకా ఎవరూ పిలవలేదు.

ఇక్కడ హెచ్చరిక ఒకటి అవశ్యం. ఈ ద్వీపాల వాగులలో, మడ అడవులలో ఉప్పునీటి మొసళ్ళున్నాయి. 2010లో స్వరాజ్ ద్వీపంలోనే ఒక పర్యాటకురాలు మొసలివాత పడింది. రక్షకులు నిలబడే చోట, హద్దు కట్టిన మేరలోనే స్నానం చేయాలి. వాగు సముద్రంలో కలిసే చోటు ఎంత అందంగా ఉన్నా దిగరాదు. సంధ్యవేళ ఇసుకలో కంటికానని చిన్న ఈగలు కుడతాయి. కొబ్బరినూనె కొంత కాపాడుతుంది. గోకితే పుండవుతుంది. పిల్లలకు ఈ సంగతి చెప్పడం సులభం, వారిచేత పాటింపజేయడం వేరు.

రాజధానిలో సెల్యులర్ జైలు దర్శనాన్ని పిల్లలతో పెట్టుకోవద్దని కొందరన్నారు. మామగారు మాత్రం పట్టుపట్టారు. 1896లో మొదలై 1906లో ముగిసిన ఆ కట్టడానికి ఏడు భుజాలుండేవి. నేడు మూడు మిగిలి ఉన్నాయి. ఒక భుజం గదుల ముఖం మరొక భుజం వీపువైపు ఉండడంవల్ల ఖైదీకి తోటి ఖైదీ ముఖం కనిపించేది కాదు. 1922-24 మన్యం తిరుగుబాటులో పట్టుబడిన అల్లూరి సీతారామరాజు అనుచరులలో కొందరిని ప్రభుత్వం ఈ దీవులకే పంపింది. మామగారు ముప్పై ఏళ్ళు బడిలో ఆ పాఠం చెప్పారు. ఒక గదిలోకి వెళ్ళి గోడకు అరచేయి ఆనించి చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "వీళ్ళను చూడడానికి వాళ్ళ అమ్మ వచ్చేదా తాతయ్యా?" అని మనవరాలు అడిగింది. రాలేదని ఆయన చెప్పారు. అది మరి ప్రశ్న వేయలేదు. ఆ పూట చిన్నవాడి వంతు నాది. వాడు ఆవరణలో ఉడుతను తరుముతున్నాడు.

ఒక ప్రయాణం మానుకున్నాము. బారాటాంగ్ సున్నపురాతి గుహలకు వెళ్ళాలంటే రాత్రి మూడు గంటల ప్రాంతాన బయలుదేరి, జారవాల అభయారణ్యం గుండా పోయే రహదారిలో కాపలాతో కూడిన వాహనాల వరుసలో సాగాలి. నిద్రపోని పిల్లలు, నడుము నొప్పి పెద్దలు అన్నది ఒక కారణం. అంతకంటె పెద్ద కారణం మరొకటి. జారవాలు కొన్ని వందలమంది మాత్రమే. 1999లో వారిలో తట్టు వ్యాధి పాకింది. మన పిల్లవాడి దగ్గు వారికి ప్రమాదం కాగలదు. గుహల పేరు చెప్పి మనుషులను కిటికీలోంచి చూడబోవడం నాకు అసహ్యం. చట్టమూ అక్కడ ఆగడాన్ని, ఫొటో తీయడాన్ని నిషేధించింది.

చేపలరేవులో మాకు అనుకోని బంధుత్వం దొరికింది. 2011 జనాభా లెక్కలలో ఈ ద్వీపాల జనాభా సుమారు 3 లక్షల 80 వేలు. అందులో తెలుగువారు నూటికి పదముగ్గురు. శ్రీకాకుళం, విశాఖ తీరాలనుంచి వెళ్ళి స్థిరపడిన మత్స్యకారులు ఎందరో. వల బాగుచేస్తున్న ఒక ముసలామె అత్తగారి మాట వినగానే తలెత్తి "ఏ ఊరమ్మా మీది?" అన్నది. ఆ రెండు గంటలూ ఆవిడ చెప్పిన సంసారమంతా అత్తగారు విన్నారు. తన వంతు అలా గడపడమే ఆమెకు ఇష్టమైంది.

మిగిలిన జాగ్రత్తలు స్వల్పం. పెద్ద ఆసుపత్రి రాజధానిలోనే ఉన్నది గనుక పెద్దల మందులు రెండింతలు తీసుకుని, వాటిని చేతిసంచిలోనే ఉంచాలి. కూరగాయలు ఎక్కువగా ఓడలమీద రావాలి, ధర ఎక్కువ. అటుకులు, కందిపొడి వెంట ఉంటే పిల్లలు ఆకలితో ఏడవరు. గవ్వలు, పగడపు ముక్కలు తీసుకురావడం నేరం, విమానాశ్రయంలో సామాను వెతుకుతారు. మా పిల్ల ఏరిన పదకొండు గవ్వలను లెక్కపెట్టి ఒక్కొక్కటిగా నీటిలో వదిలింది.

తిరుగు విమానంలో అత్తగారు కిటికీ పక్క కూర్చున్నారు. ఓడలో అయితే ఎన్ని రోజులు పడుతుందని మావారిని అడిగారు. విశాఖనుంచి అప్పుడప్పుడు నడిచే ఓడలో రెండున్నర, మూడు రోజులని ఆయన చెప్పారు. ఆమె వేళ్ళమీద ఏదో లెక్క వేసి, మామగారివైపు తిరిగి, "ఇద్దరికి టిక్కెట్టెంతో కనుక్కోండి" అన్నారు.